వరి సీమలో గోధుమ జబ్బు: చుక్క రక్తంతో ఎలా కనిపెడతారు?

కాకినాడ కాజాకు మైదా కావాలి. ఆత్రేయపురం పూతరేకుకు బియ్యప్పిండి జావ చాలు. తినేవాళ్లలో చాలామందికి ఈ తేడా రుచితోనే సరి. కొద్దిమందికి మాత్రం మొదటిది చిన్నపేగును దెబ్బతీస్తుంది, రెండోది ఏ హానీ చేయదు. వాళ్లకున్న జబ్బు పేరు సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్‌ మీద శరీరం తిరగబడటమే ఈ జబ్బు.

దీన్ని కనిపెట్టడానికి ఇప్పటిదాకా పెద్ద ల్యాబ్‌, ఎండోస్కోపీ కావలసి వచ్చేవి. వేలికొసన తీసిన రక్తంతో రోగి పక్కనే జవాబు చెప్పగల బయోసెన్సర్ల కోసం శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్లుగా పనిచేస్తున్నారు. అవి ఎలా పనిచేస్తాయి? అన్నం తినే గోదావరి జిల్లాలకు వాటితో పనేమిటి? ఒక్కొక్కటిగా చూద్దాం.

గోధుమ పేగును ఎందుకు దెబ్బతీస్తుంది?

మనం తిన్న ప్రొటీన్లను జీర్ణరసాలు చిన్న చిన్న ముక్కలుగా కోస్తాయి. గ్లూటెన్‌లో ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. ప్రోలీన్ ఉన్నచోట మన ఎంజైములు సరిగా కోయలేవు. అందువల్ల కొన్ని పొడవాటి ముక్కలు అలాగే మిగిలిపోతాయి. వాటిలో 33 అమైనో ఆమ్లాలున్న ఒక ముక్క ఈ జబ్బుకు ముఖ్యమైన ప్రేరకమని 2002లో తేలింది. అందరి పేగుల్లోనూ ఇలాంటి ముక్కలు మిగులుతాయి. చాలామందికి వాటివల్ల ఏమీ కాదు.

ఇక్కడ రెండు విషయాలు కలవాలి. మొదటిది ట్రాన్స్‌గ్లుటామినేజ్ అనే ఎంజైము. గాయాలు మానడానికి పనికొచ్చే ఈ ఎంజైము అందరిలోనూ ఉంటుంది. అది గ్లూటెన్ ముక్కలో చిన్న రసాయన మార్పు తెస్తుంది. రెండోది పుట్టుకతో వచ్చే జన్యువులు. డీక్యూ2 లేదా డీక్యూ8 రకం జన్యువులున్నవారి రక్షణ కణాలకు ఆ మారిన ముక్క గట్టిగా అతుక్కుంటుంది. దాన్ని చూసిన టి-కణాలు అనే మరో రకం రక్షణ కణాలు శత్రువు వచ్చిందని పోరు మొదలుపెడతాయి. ఆ పోరులో భాగంగా శరీరం గ్లూటెన్‌కే కాక తన సొంత ట్రాన్స్‌గ్లుటామినేజ్‌కు కూడా వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారు చేసుకుంటుంది. ఆ యాంటీబాడీల గురి ఈ ఎంజైమే అని 1997లో జర్మనీ శాస్త్రజ్ఞులు తేల్చారు. నేటి రక్తపరీక్షలకూ, బయోసెన్సర్లకూ ఆ ఫలితమే పునాది.

చిన్నపేగు లోపలి గోడ మీద ఆంత్రచూషకాలు అనే సన్నని వేళ్లలాంటి బుడిపెలు ఒత్తుగా నిలబడి ఉంటాయి. ఆహారంలోని సారాన్ని పీల్చేవి అవే. ఈ పోరులో అవి, కోతకొచ్చిన చేను తుపానుకు నేలవాలినట్టు, చదునైపోతాయి. అప్పుడు ఎంత తిన్నా ఇనుము, కాల్షియం, ఫోలిక్ యాసిడ్ ఒంటికి పట్టవు. కొందరికి విరేచనాలు, కడుపుబ్బరం వస్తాయి. కొందరు పిల్లలు ఎత్తు పెరగరు. మరికొందరికి కడుపులో ఏ ఇబ్బందీ లేకుండా, ఇనుము మాత్రలు ఎన్ని వాడినా తగ్గని రక్తహీనత ఒక్కటే కనిపిస్తుంది. ఎముకలు పలచబడటం, నోట్లో తరచూ పుళ్లు, సంతానం కలగకపోవడం కూడా దీని లక్షణాలు కావచ్చు.

మంచి విషయం ఏమిటంటే, గ్లూటెన్ పూర్తిగా మానేస్తే చాలామందిలో ఆంత్రచూషకాలు మళ్లీ మొలుస్తాయి. గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని రుజువు చేసినవారు డచ్ పిల్లల వైద్యుడు విల్లెం డికె. రెండో ప్రపంచయుద్ధం చివర 1944-45 చలికాలంలో హాలండ్‌లో రొట్టె దొరకలేదు. ఆ కరువులో ఆయన దగ్గరున్న సీలియాక్ పిల్లలు క్షీణించకపోగా కోలుకున్నారు. రొట్టె తిరిగి వచ్చాక వాళ్లకు జబ్బు తిరగబెట్టింది. ఎన్నో ఏళ్ల ఈ పరిశీలనను ఆయన 1950లో సిద్ధాంతగ్రంథంగా సమర్పించారు.

అన్నం తినే మన దగ్గర ఇది అరుదు కదా, ఎందుకు పట్టించుకోవాలి?

అరుదన్న మాట నిజమే. దేశంలో ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతాల్లో ఇరవై మూడు వేలమందికి పైగా పెద్దవాళ్లను పరీక్షించిన అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. ఉత్తరాన నూటికి 1.23 మంది రక్తంలో సీలియాక్ యాంటీబాడీలు కనిపించాయి. దక్షిణాన నూటికి 0.10 మందిలోనే కనిపించాయి. అంటే పన్నెండో వంతు.

ఆ అధ్యయనంలోనే మరో రెండు అంకెలున్నాయి. డీక్యూ2, డీక్యూ8 జన్యువులు ఉత్తరాదివారిలో 38.1 శాతం మందికి ఉంటే, దక్షిణాదివారిలో 36.4 శాతం మందికి ఉన్నాయి. దాదాపు సమానమే. గోధుమ తినడంలో మాత్రం పోలికే లేదు. ఉత్తరాన రోజుకు సగటున 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు. జబ్బుకు కావలసిన జన్యువులు మనలోనూ ఉన్నాయి, నిప్పు రాజేసే గోధుమే తక్కువగా ఉంది. ఇన్నాళ్లూ మన ప్రాంతాన్ని కాపాడింది రక్తం కాదు, కంచంలోని అన్నం అని పరిశోధకులు అనుమానించడానికి కారణం ఇదే.

ఆ కంచం ఇప్పుడు మారుతోంది. షుగరు వచ్చిందంటే రాత్రి అన్నం మాని చపాతీలు తినడం, లేదా గోధుమరవ్వ వండుకోవడం గోదావరి జిల్లాల్లో ఇంటింటి అలవాటు. పిల్లల చేతిలో బిస్కెట్, బ్రెడ్, నూడుల్స్ ఉంటున్నాయి. పోర్టూ, ఎరువుల కర్మాగారాలూ ఉన్న కాకినాడలో ఉత్తరాది నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలున్నాయి. మనవాళ్లు ఢిల్లీలో, అమెరికాలో ఉండి గోధుమకు అలవాటు పడుతున్నారు. అందుకని రేపు జబ్బు ఇంతింతలవుతుందని జోస్యం చెప్పలేం. అయితే ఎదుట కూర్చున్న రోగికి ఇది ఉండే అవకాశమే లేదని కొట్టిపారేయడం మాత్రం ఇక సరికాదు.

డాక్టర్లకు ఇది వెంటనే ఎందుకు తట్టదు?

ఇక్కడ రక్తహీనతకూ, విరేచనాలకూ వేరే కారణాలు చాలా ఉన్నాయి. కొంకిపురుగులు, జియార్డియా, పేగు క్షయ, సరిగా తినకపోవడం. వాటన్నిటితోపాటు ఉష్ణమండలానిదే అయిన మరో జబ్బు ఉంది. దాని పేరు ట్రాపికల్ స్ప్రూ.

స్ప్రూ కథ గోదావరి జిల్లాలకు బాగా దగ్గరిది. భీమవరంలో 1895లో పుట్టిన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని ఆ జబ్బే బలి తీసుకుంది. ఆయనకూ వచ్చి, ఎలాగో బయటపడ్డారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ చారిటీస్ ఇచ్చిన హామీతో, మామగారు సమకూర్చిన డబ్బుతో ఆయన ఓడెక్కి 1922 అక్టోబరు 26న బోస్టన్ చేరారు. రెండు దశాబ్దాలు దాటాక, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. తన ఇంట్లో చావులు చూసిన జబ్బుకు తన చేతి మీదుగా మందు రావడం ఎంత గొప్ప విషయమో చెప్పనక్కర్లేదు.

ట్రాపికల్ స్ప్రూలోనూ ఆంత్రచూషకాలు దెబ్బతింటాయి. పేగు ముక్కను సూక్ష్మదర్శినిలో చూసినా రెండు జబ్బులూ ఒకేలా కనిపించవచ్చు. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. స్ప్రూకు ఫోలిక్ యాసిడ్, కొన్ని నెలల యాంటీబయాటిక్ ఇస్తారు. సీలియాక్‌కు మందు లేదు, జీవితాంతం గ్లూటెన్ మానడమే మార్గం. రెంటినీ విడదీసి చూపే గట్టి ఆధారం రక్తంలోని ట్రాన్స్‌గ్లుటామినేజ్ యాంటీబాడీలు. సీలియాక్ రోగుల్లో అవి ఉంటాయి, స్ప్రూ రోగుల్లో సాధారణంగా ఉండవు. అందుకే ఆ యాంటీబాడీలను చవకగా, త్వరగా కొలిచే పరికరం ఉత్తరాదికన్నా మన ప్రాంతానికే ఎక్కువ అవసరం అని నా నమ్మకం. పంజాబ్‌లో డాక్టరుకు అనుమానం ముందే వస్తుంది. ఇక్కడ అనుమానం వచ్చిన ఆ కాస్త సమయంలోనే పరీక్ష చేతికి అందాలి.

ఇప్పుడు పరీక్ష ఎలా చేస్తున్నారు?

మొదట రక్తంలో ఐజీఏ రకం ట్రాన్స్‌గ్లుటామినేజ్ యాంటీబాడీలను చూస్తారు. దీనికి ఎలైజా పద్ధతి వాడతారు. 96 గుంటలున్న ప్లాస్టిక్ పళ్లెంలో రక్తరసాన్ని పోసి, కడిగి, రంగు వచ్చేలా చేసి, ఆ రంగును యంత్రంతో కొలుస్తారు. ఒక్క రోగి కోసం పళ్లెమంతా పెట్టరు కాబట్టి నమూనాలు పోగయ్యేదాకా ఆగుతారు. చిన్న ల్యాబ్‌ల వాళ్లు పెద్ద ల్యాబ్‌కు పంపుతారు. జవాబుకు రోజులు పడతాయి. పల్లెనుంచి బస్సెక్కి వచ్చిన మనిషి మళ్లీ రావాలి. కొందరు రారు.

దాంతోపాటు మొత్తం ఐజీఏ ఎంత ఉందో కూడా చూడాలి. పుట్టుకతోనే ఐజీఏ తయారుకాని వాళ్లు కొందరుంటారు. సీలియాక్ రోగుల్లో నూటికి రెండు మూడు మంది అలాంటివారే. వాళ్లకు జబ్బున్నా ఐజీఏ పరీక్షలో ఏమీ కనిపించదు. అప్పుడు ఐజీజీ రకం పరీక్షలు చేయాలి.

యాంటీబాడీలు ఉన్నాయని తేలితే, పెద్దవాళ్లకు సాధారణంగా ఎండోస్కోపీ చేసి చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న ముక్కలు తీసి బయాప్సీకి పంపుతారు. పిల్లల విషయంలో యూరప్ పిల్లల జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో ఒక వెసులుబాటు ఇచ్చింది. యాంటీబాడీల మోతాదు మామూలు హద్దుకు పది రెట్లు లేదా అంతకుమించి ఉండి, మరోసారి తీసిన రక్తంలో మరో రకం యాంటీబాడీ పరీక్ష అయిన ఎండోమైసియల్ పరీక్ష కూడా పాజిటివ్ అయితే, తల్లిదండ్రులతో మాట్లాడి బయాప్సీ లేకుండానే నిర్ధారించవచ్చు. కాబట్టి యాంటీబాడీలు ఉన్నాయా లేవా అన్నది తెలిస్తే చాలదు. ఎంత ఉన్నాయో అంకె కూడా కావాలి.

బయోసెన్సర్ అంటే ఏమిటి? ఎలా పనిచేస్తుంది?

మీ ఇంట్లో షుగర్ మిషన్ ఉంటే, బయోసెన్సర్ ఇప్పటికే మీ చేతిలో ఉంది. 1962లో అమెరికా శాస్త్రజ్ఞుడు లేలాండ్ క్లార్క్ తన సహచరుడితో కలిసి ఎలక్ట్రోడ్‌ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ ఎంజైమును నిలిపి గ్లూకోజ్ కొలిచే ఉపాయం చెప్పారు. ఆ ఉపాయమే అన్నిటికీ మూలం. ఏ బయోసెన్సర్‌లోనైనా మూడు భాగాలుంటాయి. కావలసినదాన్ని మాత్రమే పట్టుకునే జీవపదార్థం ఒకటి. పట్టుకున్న సంగతిని కరెంటుగానో, కాంతిగానో, రంగుగానో మార్చే భాగం రెండోది. దాన్ని అంకెగా చూపే యంత్రం మూడోది.

సీలియాక్ సెన్సర్‌లో పట్టుకునే పదార్థం ట్రాన్స్‌గ్లుటామినేజే. 2012లో పోర్చుగల్, స్పెయిన్ పరిశోధకులు ప్రకటించిన సెన్సర్‌ను ఉదాహరణగా చూద్దాం. ముందుగా చిన్న పట్టీ మీద కార్బన్ సిరాతో ఎలక్ట్రోడ్ అచ్చువేస్తారు. దాని మీద కార్బన్ నానోట్యూబులు, అతిసూక్ష్మమైన బంగారు కణాలు పరుస్తారు. దీనివల్ల ఉపరితలం పెరుగుతుంది, కరెంటు సులువుగా పారుతుంది. ఆ బంగారం మీద ట్రాన్స్‌గ్లుటామినేజ్‌ను అతికిస్తారు. రక్తరసం చుక్క వేస్తే, జబ్బున్నవారి యాంటీబాడీలు దానికి అంటుకుంటాయి. మిగతాది కడిగేస్తారు.

అంటుకున్న యాంటీబాడీ తనంతట తాను కరెంటు పుట్టించదు. అందుకని మనిషి ఐజీఏను మాత్రమే గుర్తుపట్టే మరో యాంటీబాడీని, దాని వెనక ఒక ఎంజైమును తగిలించి, పైన వేస్తారు. ఆ ఎంజైము జరిపే చర్యవల్ల ద్రావణంలోని వెండి అయాన్లు వెండి లోహంగా మారి ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటాయి. తర్వాత వోల్టేజి పెంచుతూ పోతే ఆ వెండి మళ్లీ కరుగుతుంది. కరిగేటప్పుడు పారే కరెంటును కొలుస్తారు. యాంటీబాడీలు ఎక్కువుంటే వెండి ఎక్కువ, వెండి ఎక్కువైతే కరెంటు ఎక్కువ. పేగులో జరుగుతున్న పోరు ఇలా అంకెగా తెర మీదికి వస్తుంది.

రెండో దారి ఇంకా తేలికది. గర్భపరీక్ష పట్టీలాగే గీత పడే పట్టీ. ఫిన్లాండ్‌లో రూపొందిన ఒక పరీక్షలో తెలివైన కిటుకుంది. మన ఎర్ర రక్తకణాల లోపలే ట్రాన్స్‌గ్లుటామినేజ్ ఉంటుంది. వేలి రక్తాన్ని ఒక ద్రవంలో కలిపితే కణాలు పగిలి ఆ ఎంజైము బయటికి వస్తుంది. యాంటీబాడీలు ఉంటే దాన్ని పట్టుకుంటాయి. ఆ జంటను పట్టీ పట్టుకుని గీత చూపుతుంది. అంటే పరీక్షకు కావలసిన ముఖ్యమైన పదార్థం రోగి రక్తంలోనే దొరుకుతుంది. హంగరీలో ఒక ప్రాంతంలోని 2,690 మంది ఆరేళ్ల పిల్లలను అక్కడి నర్సులే ఇలాంటి పట్టీతో పరీక్షించారు. ఆ ఫలితాలు 2007లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. మన ఏఎన్‌ఎంలు చేస్తున్న పనులకన్నా అది కష్టమైనదేమీ కాదు.

స్పెయిన్‌లోని తర్రగోనాలో ఉన్న విశ్వవిద్యాలయం సారథ్యంలో యూరప్ సంస్థలు ఇంకో అడుగు వేశాయి. సీడీ-మెడిక్స్ అనే పథకం కింద యాంటీబాడీలనూ, జన్యువులనూ చిన్న చిప్‌ల మీదే చూసే పరికరం కోసం కలిసి పనిచేశాయి.

మరి షుగర్ మిషన్‌లా ఇంటింటికీ ఎందుకు రాలేదు?

నాలుగు చిక్కులున్నాయి. మొదటిది, రక్తంలో గ్లూకోజ్‌తో పోలిస్తే ఈ యాంటీబాడీలు ఎన్నో రెట్లు తక్కువ. రెండోది, రక్తంలోని ఇతర ప్రొటీన్లు కూడా ఎలక్ట్రోడ్‌కు అతుక్కుని తప్పుడు సంకేతం ఇస్తాయి. వాటిని అడ్డుకోవాలి, కడగాలి. కడిగే పని మనిషి చేతిలో ఉంటే ఒక్కొక్కరికీ ఒక్కో అంకె వస్తుంది. దాన్ని చిప్ లోపలి సన్నని కాలువల్లోనే జరిగేలా చేయాలి.

మూడోది, ట్రాన్స్‌గ్లుటామినేజ్ ప్రొటీన్ కాబట్టి వేడికి చెడిపోతుంది. యూరప్ గదిలో నెలలు నిలిచిన పట్టీ కాకినాడ సముద్రపు చెమ్మలో, రోహిణి కార్తె ఎండలో, కరెంటు పోయిన ఆరోగ్య ఉపకేంద్రంలో నిలుస్తుందా అన్నది ఇక్కడే పరీక్షించి తేల్చుకోవాలి. నాలుగోది, మొత్తం ఐజీఏ కూడా అదే పట్టీలో కొలవాలి. లేకపోతే ఐజీఏ లేని రోగికి జబ్బు లేదని చెప్పి పంపేస్తాం.

అందరికీ ఒకసారి పరీక్ష చేసేస్తే సరిపోదా?

ఇక్కడే చాలా జాగ్రత్త కావాలి. ఉదాహరణకు లక్షమందికి ఒక పరీక్ష చేశామనుకుందాం. జబ్బున్నవారిలో నూటికి 95 మందిని అది పట్టుకుంటుంది. లేనివారిలో నూటికి 95 మందికి లేదనే చెబుతుంది. వినడానికి బాగుంది. జబ్బు వెయ్యికి ఒకరికే ఉంటే, లక్షలో రోగులు 100 మంది. వాళ్లలో 95 మంది దొరుకుతారు. జబ్బులేని 99,900 మందిలో నూటికి అయిదుగురి చొప్పున 4,995 మందికి కూడా తప్పుగా పాజిటివ్ వస్తుంది. అంటే పాజిటివ్ వచ్చిన 5,090 మందిలో నిజమైన రోగులు 95 మందే. మిగతావాళ్లంతా ఊరికే భయపడి, ఎండోస్కోపీ దాకా వెళ్లాలి.

అదే పరీక్షను, మందులకు లొంగని రక్తహీనత, ఎదుగుదల లేకపోవడం, మానని విరేచనాలు ఉన్న వెయ్యిమందికే చేద్దాం. వాళ్లలో పదిమందికి ఒకరికి జబ్బుందనుకుంటే, 95 మంది నిజమైన రోగులు దొరుకుతారు, తప్పుడు పాజిటివ్‌లు 45 మాత్రమే. పరికరం మారలేదు, అడిగిన చోటు మారింది. అందుకే ఈ పట్టీ ఊరూరా శిబిరాలకు కాదు. 1958లో మొదలైన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న కాకినాడ ప్రభుత్వాసుపత్రిలాంటి చోట్ల పిల్లల విభాగంలో, రక్తహీనతతో వచ్చేవారి దగ్గర ఉండాలి. టైప్-1 షుగరు, థైరాయిడ్ రోగులకూ, సీలియాక్ ఉన్నవారి తోబుట్టువులకూ, పిల్లలకూ ముందు చేయాలి. రోగి తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో నూటికి ఏడెనిమిది మందికి ఈ జబ్బు ఉంటుంది.

పరీక్షకు ముందే గోధుమ మానేస్తే ఏమవుతుంది?

పరీక్ష తప్పుతుంది. గ్లూటెన్ మానేసిన కొన్ని నెలలకు యాంటీబాడీలు తగ్గిపోతాయి, పేగూ కోలుకుంటుంది. అప్పుడు ఎంత మంచి బయోసెన్సర్ అయినా ఏమీ లేదనే చెబుతుంది. కాబట్టి ఎవరో చెప్పారని ముందే చపాతీ మానకండి. ఇప్పటికే మానేసి ఉంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. జన్యుపరీక్ష మీద తిండి ప్రభావం ఉండదు. డీక్యూ2, డీక్యూ8 రెండూ లేవని తేలితే సీలియాక్ దాదాపు లేనట్టే. అయితే అవి ఉన్నంత మాత్రాన జబ్బు ఉందని కాదు. మనలో మూడోవంతుకు పైగా జనానికి అవి ఉన్నాయని ముందే చూశాం.

జబ్బు ఉందని తేలితే ఎలా బతకాలి?

ఈ విషయంలో గోదావరి వంటిల్లు పెద్ద ఆసరా. అన్నం, ఇడ్లీ, దోసె, పెసరట్టు, మినపరొట్టె, రాగిజావ, జొన్నరొట్టె, సున్నుండలు వీటిలో గ్లూటెన్ లేదు. పెసరట్టులో పెట్టే బొంబాయిరవ్వ ఉప్మాలో ఉంది. సేమ్యా, పూరీ, పరోటా, మైసూరు బోండా, బార్లీ నీళ్లు, మాల్ట్ పొడులు, బిస్కెట్లు మానాలి. పులిహోరలో వేసే ఇంగువ డబ్బా మీద పదార్థాల పట్టిక చదవాలి. బజారులో అమ్మే ఇంగువలో గోధుమపిండి కలిపి ఉండటం మామూలే. అన్నవరం సత్యదేవుని ప్రసాదం గోధుమ నూకతో చేస్తారు. కళ్లకద్దుకుని ఇంట్లో మరొకరికి ఇస్తే భక్తికి లోటేమీ లేదు. పాకెట్ మీద గ్లూటెన్ లేదని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని మన దేశపు ఆహార భద్రత నిబంధన.

పిండిమర కూడా చూసుకోవాలి. గోధుమలు ఆడించిన మరలోనే బియ్యం పోస్తే పిండిలో గోధుమ కలుస్తుంది. జబ్బున్నవాళ్ల పిండిని ఇంట్లో విడిగా ఆడించుకోవడం మంచిది.

చివరగా ఏం చేయాలి?

మీ ఇంట్లో బిడ్డ ఎదగడం లేదంటే, అమ్మాయికి ఏళ్ల తరబడి ఇనుము మాత్రలు వాడినా రక్తం పట్టడం లేదంటే, డాక్టరుగారిని ఒక ప్రశ్న అడగండి: సీలియాక్ పరీక్ష ఒకసారి చేయిద్దామా? ఆ పరీక్ష ఎలైజా కావచ్చు, పట్టీ కావచ్చు, రేపు చిప్ కావచ్చు. వైద్య కళాశాలలూ, ఇంజనీరింగ్ కళాశాలలూ పక్కపక్కనే ఉన్న ఊరు కాకినాడ. ఇక్కడి ఎండకూ, చెమ్మకూ నిలిచే పట్టీని, ఐజీఏతో సహా అంకె చెప్పే పట్టీని తయారు చేయడం మన పిల్లలు చేపట్టదగ్గ పని. గ్లూటెన్ మానితే అదుపులో ఉండే జబ్బుతో, దాని పేరు తెలియని కారణంగా, ఏ బిడ్డా ఏళ్లకేళ్లు నీరసించిపోకూడదు.